క్షయక్రిమిని కనిపెట్టిన రాబర్టు కోక్

క్షయ యను మాట వచ్చినప్పుడు మన యిండ్లలో పెద్దలు గొంతు తగ్గించి మాటలాడుదురు. కలరా తగిలినదని, మశూచికము పోసినదని వెనుకటివారు వీధి యరుగుమీద కూర్చుండియే చెప్పుకొనిరి గాని, ఇంటిలో క్షయరోగి యున్నాడని మాత్రము పొరుగువారికి తెలియనిచ్చెడివారు కారు. పెండ్లి కెదిగిన పిల్ల యున్న యింట ఆ మాట వినబడినచో సంబంధములు రావని భయము. రోగి త్రాగు గ్లాసు వేరు, తిను కంచము వేరు, పరుండు చాప వేరు. ఇన్నిటిని వేరు చేసియు, అతడు దగ్గుచు పరుండిన గది కిటికీని మాత్రము చలిగాలి తగులునని మూసివేయుదురు. వేరు చేయ నక్కరలేని వస్తువులను వేరు చేసి, తెరువవలసిన కిటికీని మూయుట, ఈ రోగ మెట్లు వ్యాపించునో యెరుగకపోవుటవలన కలిగిన విపరీతము. ఆ యెరుకకు మొదటి దీపమును పట్టినవాడు జర్మనీ దేశపు వైద్యుడు రాబర్టు కోక్. ఆయన చరిత్రమును మన పాఠశాల బాలబాలికలును, వారి తలిదండ్రులును తెలిసికొనుట యుక్తమని తలంచి యిట వ్రాయుచున్నాను.

రాబర్టు కోక్ 1843వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన, హార్జ్ కొండలలోని క్లౌస్తాల్ అను చిన్న పట్టణమున జన్మించెను. అది గనుల ప్రదేశము. తండ్రి గనుల శాఖలో నుద్యోగి. పదముగ్గురు సంతానములో రాబర్టు మూడవవాడు. అయిదేండ్లు నిండునప్పటికే వార్తాపత్రికలను ముందుంచుకొని, ఎవరును చెప్పకుండగనే చదువ నేర్చి తలిదండ్రుల నాశ్చర్యపరచెనట. మేనమామ యొకడు అతనిని కొండలవెంట త్రిప్పి రాళ్లను, పురుగులను, నాచును సేకరింపజేసెను; ఛాయాచిత్రములు తీయుటయు నేర్పెను. ఈ రెండు విద్యలును తరువాత నెంత యుపయోగించెనో ముందు తెలియగలదు.

1862లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున చేరి, మొదట ప్రకృతి శాస్త్రమును, పిమ్మట వైద్యమును చదివెను. అక్కడ యాకోబ్ హెన్లే యను ఆచార్యుడు శరీర నిర్మాణ శాస్త్రమును బోధించుచుండెను. అంటురోగములకు కారణము ప్రాణముగల సూక్ష్మజీవులే కావలెనని ఆయన 1840లోనే యొక గ్రంథమున వాదించియుండెను. నిదర్శనము మాత్రము చూపలేకపోయెను. వాదము తర్కమునకు నిలిచినను, క్రిమిని పట్టి చూపినవాడు లేడు గనుక వైద్యలోకము దానిని పెడచెవిని పెట్టెను. ఆ యాచార్యుని శిష్యుడు 1866లో పట్టమును పొంది, మరుసటి యేట ఎమ్మీ ఫ్రాట్స్ అను కన్యను వివాహమాడెను. ఓడలెక్కి దూరదేశములు చూడవలెనని యతనికి గొప్ప కోరిక. సంసారమువలన అది సాగలేదు. కొన్ని యూళ్లు మారి, ఫ్రాన్సుతో జరిగిన యుద్ధమున కొంతకాలము సేవచేసి, 1872లో వోల్‌స్టైన్ అను పల్లెటూరివంటి పట్టణమున జిల్లా వైద్యాధికారిగా కుదురుకొనెను. ఆ యూరు నేడు పోలెండు దేశమున నున్నది.

అక్కడ ప్రయోగశాల లేదు, గ్రంథాలయము లేదు, మాటలాడుటకు మరియొక శాస్త్రజ్ఞుడు లేడు. రోగులను చూచు గదిలోనే యొక మూల తెర కట్టి, దాని వెనుక సూక్ష్మదర్శిని నుంచుకొనెను. ఆ సూక్ష్మదర్శినిని భార్య కానుకగా నిచ్చినదని చెప్పుదురు. ముందు గదిలో పల్లెవాండ్రు జ్వరములకు మందు తీసికొని పోవుచుండగా, తెరవెనుక గాజు జాడీలలో ఎలుకపిల్లలు పరుగులిడుచుండెను. ఆ ప్రాంతమున గొఱ్ఱెలు, ఆవులు దొమ్మరోగమువలన మందలు మందలుగా చచ్చుచుండెను. చచ్చిన పశువు రక్తములో కఱ్ఱపుల్లలవంటి సూక్ష్మ వస్తువులున్నవని అదివరకే కొందరు చూచిరి. అవి రోగమునకు కారణమా, రోగమువలన పుట్టినవా? ఈ ప్రశ్నను తేల్చుటకు కోక్ పూనుకొనెను.

ఆయన వద్ద సూదిమందు వేయు మంచి పరికరము లేదు. సన్నని చెక్కపేళ్లను వేడిచేసి శుభ్రపరచి, వానిని రోగిపశువు రక్తములో ముంచి, ఎలుక తోకమొదట చర్మము క్రింద దూర్చెను. మరునాటికి ఎలుక చచ్చెను. దాని రక్తములో అవే పుల్లలు. దాని నుండి మరియొక ఎలుకకు, దాని నుండి మరియొక దానికి. ఎద్దు కంటిలోని తేటనీటిచుక్కలో ఆ క్రిములను పెంచి, అవి పొడుగుసాగి దారములై, ఆ దారములలో పూసలవంటి విత్తనము లేర్పడుటను గంటలకొలది కన్నార్పక చూచెను. ఆ విత్తనములు ఎండకును చలికిని చావక మట్టిలో ఏండ్ల తరబడి పడియుండగలవు. కొన్ని బీళ్లలో మేసిన మందలు ఏటేట ఎందుకు చచ్చుచున్నవో అప్పుడు బోధపడెను. రైతులు ఆ బీళ్లకు శాపమున్న దనుకొనుచుండిరి.

1876లో ఆయన తన ఎలుకలను, జాడీలను, సూక్ష్మదర్శినిని మూటగట్టుకొని బ్రెస్లా నగరమునకు పోయి, ఫెర్డినాండ్ కోన్ అను వృక్షశాస్త్రాచార్యుని ముందు మూడు దినములు తన ప్రయోగములన్నిటిని మరల చేసి చూపెను. ఊరును పేరును లేని పల్లెవైద్యుడు ఏమి చూపగలడని వచ్చినవారు నివ్వెరపడిరి. కోక్ గుణమంతయు ఇచ్చటనే తెలియుచున్నది. నమ్ముడని ఆయన ఎవరిని అడుగలేదు. వచ్చి చూడుడని పిలిచెను. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. ముందు దీనితో పని యున్నది.

1880లో ప్రభుత్వమువారు ఆయనను బెర్లిన్ నగరమునకు రాజకీయారోగ్య కార్యాలయమునకు పిలిపించిరి. అచ్చట ప్రయోగశాలయు, సహాయకులును దొరకిరి. ఒక దినమున ఉడికిన బంగాళాదుంప ముక్కమీద వేరువేరు రంగుల చుక్కలు పుట్టియుండగా ఆయన చూచెను. ఒక్కొక్క చుక్కయు ఒక్కొక్క జాతి క్రిమి సంతానము! ద్రవములో అన్ని జాతులును కలిసిపోవును. గట్టి పదార్థముమీద ఎక్కడ పడినది అక్కడనే పెరుగును. ఇట్లు జాతులను వేరుపరచు విద్య దొరకెను. మొదట వాడిన జిలటిన్ వేడికి కరిగిపోవుచుండెను. హెస్సె యను సహాయకుని భార్య ఫానీ, సముద్రపు నాచునుండి తీయు అగర్ అను పదార్థమును వంటయింట వాడుచుండెడిది. జావా ద్వీపమున నుండి వచ్చిన పరిచితులవలన ఆమె దానిని నేర్చుకొనెను. వేసవిలో కూడ కరుగని ఆ పదార్థమును వాడి చూడుమని ఆమెయే సలహా నిచ్చెను. నేటికిని లోకమందలి ప్రయోగశాలలలో క్రిములను అగర్ మీదనే పెంచుచున్నారు. ఆ యిల్లాలి పేరు మాత్రము పాఠ్యపుస్తకములలో అరుదుగా కనబడును.

1881 ఆగస్టులో కోక్ క్షయపైకి దృష్టి మరల్చెను. ఆనాటి లెక్కల ననుసరించి, చనిపోవు మానవులలో ఏడుగురి కొక్కరు క్షయవలననే పోవుచుండిరి. నడివయస్సువారిలో మూడింట నొక వంతు. ఇది వంశమున వచ్చు దోషమని చాలమంది వైద్యుల విశ్వాసము. తండ్రికి వచ్చినది కొడుకునకు వచ్చుచుండుట కన్నులయెదుట కనబడుచుండెను గదా! ఒకే యింట ఒకే గాలి పీల్చుటవలన వచ్చినదని తోచలేదు. 1865లోనే విల్మిన్ అను ఫ్రెంచి వైద్యుడు క్షయరోగి శరీరమునుండి తీసిన పదార్థమును కుందేళ్లకు ఎక్కించి, వానికిని రోగము వచ్చుటను చూపియుండెను. అయినను, ఆ పదార్థములోనున్న దోషి ఎవరో ఎవరికిని కనబడలేదు.

కనబడకపోవుటకు కారణ మున్నది. క్షయక్రిమికి మైనపు పూతవంటి పొర యొకటి గలదు. ఇతర క్రిములకు రంగు పట్టినట్లు దానికి పట్టదు. కోక్ నీలి రంగులో క్షారమును కలిపి, గాజుపలకలను అందులో ఒక దినమంతయు నానవైచి, పిదప గోధుమరంగుతో కడిగి చూచెను. శరీర కణములన్నియు గోధుమరంగు పొందగా, వాని నడుమ సన్నని, కొంచెము వంగిన నీలి పుల్లలు ప్రత్యక్షమయ్యెను. ఆవగింజ అడ్డుకొలతలో వానిని సుమారు 500 వరుసగా పేర్చవచ్చును.

చూచుట సగము పని మాత్రమే. రోగి శరీరమున నున్నంతమాత్రమున ఆ క్రిమియే కారణమని చెప్పరాదు. దానిని వేరుచేసి పెంచవలెను. గడ్డకట్టించిన రక్తరసిమీద క్రిములను చల్లి, మానవ శరీరపు వేడిలో నుంచెను. ఇతర క్రిములు ఒకటి రెండు దినములలో చుక్కలుగా కనబడును. ఇది మూడు దినములకు లేదు, వారమునకును లేదు. ఇంకొకడైనచో ఆ నాళికలను కడిగివేసి వేరొక ఉపాయము వెదకెడివాడు. కోక్ కాచుకొని యుండెను. రెండవ వారమున చిన్న యెండు పొలుసులవంటివి పైకి తేలెను. వానిని ఒక నాళికనుండి మరియొక నాళికకు మార్చుచు, రోగి శరీరపు అంశ మింకేమియు మిగులనంతవరకు నెలలతరబడి పెంచి, గినీపందులకు ఎక్కించెను. అవి చిక్కి శల్యమై చచ్చెను. కోసి చూడగా మనుష్యుని ఊపిరితిత్తులలో నుండు బుడిపెలే వానిలోను ఉండెను. ఆ బుడిపెలలో ఆ నీలి పుల్లలే. ఎక్కింపని గినీపందులు ఆరోగ్యముగనే యుండెను.

1882 మార్చి 24వ తేదీ సాయంకాలమున బెర్లిన్ శరీరధర్మ శాస్త్ర సంఘమువారి యెదుట, ఒక చిన్న చదువుగదిలో, కోక్ ఈ సంగతులను ప్రకటించెను. ఆయన వక్త కాడు. తడబడుచు మెల్లగా చదివెను. బల్లలమీద 200కు పైగా గాజుపలకలను, నాళికలను, జాడీలను పరచియుంచెను. ఉపన్యాసము ముగిసినను ఎవరును చప్పట్లు కొట్టలేదు. ఒక్క ప్రశ్నయైనను వేయలేదు. ఒక్కొక్కరే లేచి, నిశ్శబ్దముగా సూక్ష్మదర్శినుల యొద్దకు పోయి, కన్ను పెట్టి చూడసాగిరి. వారిలో పాల్ ఎర్లిక్ అను యువకు డుండెను. ఇతడు కొలది కాలములోనే క్రిమికి ఇంకను చక్కగా రంగు పట్టించు పద్ధతిని కనిపెట్టెను. కొన్ని యేండ్లకు ఇతనికే క్షయ సోకగా, తన కఫములో తానే ఆ క్రిములను చూచుకొని, ఈజిప్టునకు పోయి కోలుకొని వచ్చెను. ఆయన బ్రతుకుట లోకమునకు మేలయ్యెను. ఆయన పేరు వైద్యశాస్త్రమున కోక్ పేరునకు తీసిపోదు.

ఈ క్రిమి ఒకరి నుండి మరియొకరికి ఎట్లు పోవునో, శరీరమున నేమి చేయునో ఇప్పుడు కొంత విపులముగా చెప్పవలెను. కోక్ ఎరిగినది కొంత. తరువాతివారు కూర్చినది కొంత.

ఊపిరితిత్తుల క్షయ గలవాడు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, పాడినప్పుడు, మాటలాడినప్పుడు సైతము నోటినుండి కంటి కగపడని తుంపరలు వెలువడును. పెద్దవి నేల రాలును. చిన్నవానిలోని నీరు క్షణములో ఆవిరియైపోగా, మిగిలిన కణము క్రిమిని మోయుచు గాలిలో గంటలకొలది తేలుచుండును. రోగి గదినుండి లేచిపోయినను అది పోదు. కోక్ మాత్రము రోగి ఉమిసిన కఫము ఎండి దుమ్ముగా లేచుటవలన రోగము ముఖ్యముగా వ్యాపించునని తలంచెను. తుంపరలే ప్రధానమని బ్రెస్లాలో ఫ్లూగె యను శాస్త్రజ్ఞుడు 1890ల చివర చూపెను. 1950లలో అమెరికాలోని బాల్టిమోరు నగరమున దీనికి తిరుగులేని నిదర్శనము దొరకెను. అక్కడి యొక ఆసుపత్రిలో, క్షయరోగుల గదులనుండి వెడలు గాలిని మాత్రము గొట్టములద్వారా మీది యంతస్తునకు పోనిచ్చి, అచ్చట గినీపందులను పెట్టిరి. అవి రోగులను చూచినవి కావు, తాకినవి కావు, వారి పాత్రలలో తిన్నవి కావు. ఆ గాలిని పీల్చినందుననే వానికి క్షయ సోకెను. కంచమువలన, గ్లాసువలన, బట్టలవలన, చేయి కలుపుటవలన ఈ రోగము రాదు. మూసిన గదిలో ఒకే గాలిని పలువురు చాలకాలము పీల్చుటవలన వచ్చును. తెరచిన కిటికీ ఆ గాలిని పలుచన చేయును. సూర్యరశ్మి క్రిమిని చంపును.

పీల్చిన కణము మిక్కిలి సూక్ష్మమగుటచే ముక్కులోని వెండ్రుకలకును, గొంతులోని జిగురునకును చిక్కక, ఊపిరితిత్తుల లోతున నున్న గాలిగుల్లలవరకు పోవును. అక్కడ మన శరీరమునకు కావలిగానుండు కణములు గలవు. పరాయి క్రిమి కనబడినచో మింగి అరిగించుకొనుట వాని పని. క్షయక్రిమిని అవి మింగును గాని అరిగించుకొనలేవు. ఏ మైనపు పొరవలన కోక్ రంగు పట్టించుట కష్టమయ్యెనో, ఆ పొరయే ఇచ్చట దానిని కాపాడును. కావలివాని కడుపులోనే కాపురముండి, మెల్లగా వృద్ధియగును. కొన్ని జాతుల క్రిములు అరగంటలోపున ఒకటి రెండగును. దీనికి రమారమి ఒక దినము పట్టును. కోక్ నాళికలు వారము దాటినను ఖాళీగా కనబడుటకు కారణ మిదియే. నేడు క్షయకు మందు నెలలతరబడి మింగవలసి వచ్చుటకు గల కారణములలోను ఇది యొకటి.

కొన్ని వారములకు శరీరము మేలుకొని, క్రిములున్న చోటు చుట్టును కణములను పేర్చి గోడ కట్టును. ఆ బుడిపె పేరే రోగమునకు ఆంగ్లమున పేరయ్యెను. ఈ గోడ నిలిచినంతకాలము క్రిమి లోపల బందీ. మనుష్యుడు ఆరోగ్యవంతుడు; అతనివలన ఎవరికిని సోకదు. ప్రపంచ ప్రజలలో నాలుగింట నొక వంతుమందికి ఎప్పుడో యొకప్పుడు ఈ క్రిమి సోకియుండునని ప్రపంచారోగ్య సంస్థ యంచనా. వారిలో నూటికి అయిదు మొదలు పదిమంది మాత్రమే జీవితకాలమున రోగు లగుదురు. సోకుట వేరు, రోగము వేరు. చాలినంత తిండి లేనివారికి, మధుమేహము గలవారికి, పొగ త్రాగువారికి, ఎయిడ్స్ క్రిమి సోకినవారికి, పసిబిడ్డలకు ఆ గోడ బలహీనము. గోడ కూలినప్పుడు బుడిపె నడుమ జున్నువలె మెత్తబడిన పదార్థము కరగి గాలిగొట్టములోనికి దారి చేసికొనును. ఊపిరితిత్తిలో తొఱ్ఱ యేర్పడును. ఆ తొఱ్ఱలో గాలి సమృద్ధిగా దొరకుటచే క్రిములు కోట్లకొలది పెరుగును, దగ్గు మొదలగును, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, కఫములో నెత్తురు. అప్పటినుండి ఇతరులకు సోకును. రెండు వారములకు మించిన దగ్గును పరీక్ష చేయించుకొనుమని వైద్యులు చెప్పుట ఇందులకే.

మరల కోక్ కథకు వత్తము. 1883లో కలరా పరిశోధనకై ఆయన ఈజిప్టునకును, అక్కడినుండి మన దేశమునకును వచ్చి, కలకత్తాలో కొన్ని నెలలుండెను. కామా గుర్తువలె వంగిన కలరా క్రిమిని రోగుల ప్రేవులలోను, వారు నీరు త్రాగు చెరువులోను చూచి, స్వదేశమునకు పోయి గొప్ప సన్మానమును పొందెను. ఓడలెక్కి దేశములు చూడవలెనను చిన్ననాటి కోరికయు ఇట్లు తీరెను. 1885లో బెర్లిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఈ సంవత్సరములు ఆయనకు నిండు పున్నమ వంటివి.

1890 ఆగస్టులో బెర్లిన్ నగరమున అంతర్జాతీయ వైద్య మహాసభ జరిగెను. అందు కోక్, క్షయక్రిమి వృద్ధిని అరికట్టు పదార్థమును తాను కనుగొంటినని, దానితో గినీపందులను కాపాడగలిగితినని ప్రకటించెను. ప్రభుత్వమువారు తొందరపెట్టిరని, దేశ గౌరవము ఆయన భుజములపై నుంచబడెనని చెప్పుదురు. నవంబరులో మనుష్యులకు వాడిన ఫలితములను వెల్లడించెను. ఆ పదార్థ మేమియో, ఎట్లు తయారు చేయుదురో మాత్రము చెప్పలేదు; నయమైన జంతువుల వివరములును ప్రకటింపలేదు. లోకము నలుమూలలనుండి క్షయరోగులు బెర్లిన్‌కు పరుగులెత్తిరి. కొందరు రైలుబండ్లలోనే కన్నుమూసిరి. సత్రములు, ఆసుపత్రులు చాలలేదు. తెరవెనుక ఎలుకలను పెంచి, ఎవరు వచ్చినను చూడుడని పిలిచిన ఆ పల్లెవైద్యుడు, ఇప్పుడు చూపకుండగనే నమ్ముమని అడిగెను. అడిగినవాడు కోక్ గనుక లోకము నమ్మెను.

కొలది నెలలలో నిజము బయటపడెను. మందు పుచ్చుకొన్నవారికి తీవ్రజ్వరములు వచ్చెను. కొందరికి మేలైనట్లు తోచెను; పలువురికి గుణము లేదు; కొందరు మరణించిరి. ఫిర్ఖో అను వృద్ధాచార్యుడు చనిపోయినవారి శరీరములను పరీక్షించి, అణగియున్న క్రిములు మందువలన క్రొత్త చోట్లకు ప్రాకినవని చూపెను. 1891 జనవరిలో కోక్ రహస్యమును విప్పెను. అది క్షయక్రిములను పెంచిన ద్రవమునుండి గ్లిసరిన్‌తో తీసిన సారము. ట్యూబర్కులిన్ అని దాని పేరు. ఆయన మోసగాడు కాడు. ఆ సారమును తనకే ఎక్కించుకొని, 39.6 డిగ్రీల జ్వరముతో వణకి, ఊపిరి పీల్చుట కష్టమై బాధపడెను. తన మందును తాను నిజముగా నమ్మెను. కాని ఇతరుల ప్రయోగములకు ఆయన యే కొలబద్దను పెట్టెనో, ఆ కొలబద్దకు ఆ యేడు తాను నిలువలేదు. ఆశతో వచ్చి ప్రాణములు పోగొట్టుకొన్న ఆ రోగుల లెక్క చరిత్రమునుండి చెరగదు.

విచిత్రమేమన, మందుగా ఓడిన ఆ సారము పరీక్షగా గెలిచెను. క్రిమి సోకినవాని చర్మమున దానిని కొంచెము ఎక్కించినచో అచ్చట ఎఱ్ఱని గట్టి బొబ్బ లేచును. వియన్నాలో పిర్కే 1907లోను, ఫ్రాన్సులో మాంటూ 1908లోను దానిని పరీక్షగా మలచిరి. నేటికిని పిల్లల ముంజేతిమీద వైద్యులు చేయు పరీక్ష అదియే.

ఆయన చేసిన మరియొక పొరపాటును దాచనక్కరలేదు. పశువుల క్షయవలన మనుష్యులకు చెప్పుకొనదగిన అపాయము లేదని 1901లో లండను మహాసభయందు ఆయన చెప్పెను. ఇంగ్లాండు ప్రభుత్వము నియమించిన సంఘము పదేండ్లు విచారించి, పాలవలన ముఖ్యముగా బిడ్డలకు ఆ రోగము వచ్చుచున్నదని తేల్చెను. పాలు పొంగువరకు కాచి త్రాగు మన యిల్లాండ్ర అలవాటు, ఏ సభయందును చర్చింపబడకయే ఆ క్రిమిని చంపుచున్నది. తరువాత ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనువారు ఆ పశుక్షయ క్రిమినే 13 సంవత్సరములు పెంచి పెంచి బలహీనపరచి, 1921లో బి.సి.జి. టీకాగా మార్చిరి. ఈ టీకామందును తయారు చేయు శాల 1948లో చెన్నపట్టణపు గిండీలో వెలసెను. పసిబిడ్డలను మెదడు క్షయవంటి ఘోర రూపములనుండి అది కాపాడును. పెద్దల ఊపిరితిత్తుల క్షయను మాత్రము నమ్మకముగా ఆపలేదు.

కోక్ చివరి యేండ్లు ప్రయాణములతో గడచెను. దక్షిణాఫ్రికాలో పశువుల ముసరరోగము, 1897లో బొంబాయిలో ప్లేగు, పిదప ఆఫ్రికాలో నిద్రారోగము. నిద్రారోగమునకు ఆయన వాడిన పాషాణపు మందువలన కొందరు ఆఫ్రికా రోగులకు చూపు పోయెను. ఇదియు ఆయన ఖాతాలోనిదే. 1905లో క్షయ పరిశోధనకు నోబెలు బహుమానము లభించెను. 1910 మే 27వ తేదీన బాడెన్‌బాడెన్ పట్టణమున గుండెజబ్బుతో మరణించెను. ఆయన చితాభస్మమును బెర్లిన్‌లో ఆయన పేరిటి పరిశోధనాలయముననే భద్రపరచిరి. ఆయన బ్రతికియుండగా క్షయకు మందు రానేలేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియజిడ్ బయలుపడెను.

అంతవరకు క్షయరోగికి గతి ఏమనగా, ఊరికి దూరమున మంచి గాలి గల ఆరోగ్యశాలలో నెలలు, ఏండ్లు పడకమీద నుండుట. తెలుగువారు చాలమంది మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమునకు పోయిరి. పోలేనివారే ఎక్కువ. మందులు వచ్చిన పిమ్మట 1956లో చెన్నపట్టణమున ఒక పరిశోధన మొదలయ్యెను. సుమారు 200 మంది బీదరోగులను రెండు భాగములుగా చేసి, ఒక భాగమును ఆరోగ్యశాలలో నుంచి మంచి తిండి, విశ్రాంతి, మందు నిచ్చిరి. రెండవ భాగమువారికి వారి యిరుకు ఇండ్లలోనే అదే మందు నిచ్చిరి. ఇంటనున్నవారి తిండి తక్కువ. పలువురు పనికిని పోయిరి. ఏడాది గడచినపిదప చూడగా, రెండు భాగములవారికిని దాదాపు సమానముగనే గుణమిచ్చెను.

అందరు భయపడిన సంగతి వేరొకటి: ఇంట నున్న రోగివలన భార్యకు, బిడ్డలకు రోగము వచ్చునేమో యని. రెండు విధముల కుటుంబములను అయిదేండ్లు పరీక్షించిరి. రోగిని ఇంటనే యుంచుకొన్న కుటుంబములలో రోగము హెచ్చుగా రాలేదు. సోకవలసినది చాలవరకు రోగము గుర్తింపబడకముందే, అనగా దగ్గును దాచిన ఆ నెలలలోనే సోకియుండెను. మందు మొదలుపెట్టిన కొలది కాలమునకే రోగి శ్వాసలో అపాయము తగ్గిపోయెను. ఈ ఫలితము వెలువడిన పిమ్మట దేశదేశముల ఆరోగ్యశాలలు ఒక్కటొక్కటిగా మూతబడెను.

2023లో ప్రపంచమున సుమారు 1 కోటి 8 లక్షల మందికి క్షయ వచ్చెను. పండ్రెండున్నర లక్షలమంది దానివలన మరణించిరి. ఆ రోగులలో నాలుగింట నొక వంతు మన దేశమువారే. మందు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా ఇచ్చుచున్నారు. సాధారణముగా ఆరు నెలలు మింగవలెను. రెండు నెలలకు దగ్గు తగ్గినదని మానివేసినవారిలో మిగిలిన క్రిములు తిరిగి విజృంభించును. మందునకు లొంగనివిగను మారవచ్చును. మార్చి 24వ తేదీని, ఎవరును చప్పట్లు కొట్టని ఆ సాయంకాలమునకు గుర్తుగా, ప్రతి సంవత్సరము ప్రపంచ క్షయ దినముగా జరుపుచున్నారు.